నిక్లాస్ 18, టైగర్ 15... కాలాలే వేరైనప్పుడు గొప్పోడెవరో ఎలా తేల్చాలి?

ఫెయిర్‌వే_తెలుగు:

అందరికీ నమస్తే. నేను గోల్ఫ్ చూడటం మొదలుపెట్టిందే మన సాహిత్ తీగల వల్ల. పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో అయినా అమ్మానాన్నలది హైదరాబాద్ అని తెలిసి 2023 మాస్టర్స్ (అమెరికాలోని ఆగస్టాలో ఏటా జరిగే పెద్ద టోర్నమెంట్) చూడటానికి కూర్చున్నా. మొదటిసారి ఆగస్టాలో ఆడుతూ టాప్ టెన్‌లో నిలిచాడు, పైగా ఆదివారం 16వ హోల్లో గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) బయటనుంచి చిప్ చేస్తే, అంటే చిన్నగా లేపి కొడితే, బాల్ ఎక్కడో పైకి వెళ్ళి వాలు పట్టుకుని మెల్లగా కిందకి దొర్లి హోల్లో పడింది. ఇది అచ్చం 2005లో టైగర్ వుడ్స్ కొట్టిన షాట్ లాగే ఉంది అని అందరూ అంటుంటే ఆ 2005 వీడియో వెతికి చూశా. టైగర్ బాల్ హోల్ అంచున ఒక్క క్షణం ఆగిపోయి, బాల్ మీద ఉన్న కంపెనీ గుర్తు కూడా కెమెరాకి కనిపించి, అప్పుడు పడింది. అంతే, అక్కడినుంచి పాత మ్యాచ్‌లన్నీ చూసుకుంటూ పోతున్నా.

ఇప్పుడు సమస్యేంటంటే మా బావ. ఆయన ఎప్పటినుంచో అమెరికాలో ఉన్నాడు, బాగా ఆడతాడు కూడా. మేజర్లు అంటే ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నమెంట్లు (మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్, పీజీఏ చాంపియన్‌షిప్), అవి జాక్ నిక్లాస్‌వి 18, టైగర్‌వి 15, ఇంక మాట్లాడటానికి ఏముంది అంటాడు. నేనేమో టైగరే అంటా, కానీ ఎందుకు అని అడిగితే గట్టిగా చెప్పలేకపోతున్నా. మళ్ళీ చదువుతూ పోతే పీజీఏ టూర్ (అమెరికాలో మగ ప్రొఫెషనల్స్ ఆడే టోర్నమెంట్ల వరస) టైటిల్స్ టైగర్‌వి 82, శామ్ స్నీడ్‌వి కూడా 82 అని ఉంది, మరి స్నీడ్ పేరు ఎవరూ ఎందుకు ఎత్తరు? బాబీ జోన్స్ అని ఒకాయన ఒకే ఏడాది గ్రాండ్ స్లామ్ (నాలుగు పెద్ద టోర్నమెంట్లూ) కొట్టి 28 ఏళ్ళకే మానేశాడంట, ఆయన్ని ఎక్కడ పెట్టాలి? కర్ర షాఫ్ట్ క్లబ్బులతో ఆడినోణ్ణి, ఇప్పటి టైటానియం డ్రైవర్లతో (దూరం కొట్టే పెద్ద క్లబ్బులు) ఆడేవాణ్ణి ఒకే తక్కెడలో పెట్టి తూచొచ్చా అసలు? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, వచ్చే వారం బావ ఇంటికి భోజనానికి వెళ్ళాలి.

పాత_స్కోర్‌కార్డ్:

మీ బావగారి లెక్కలో తప్పేం లేదు, కాకపోతే ఆ లెక్క మొదట్నుంచీ అలాగే ఉందనుకుంటేనే చిక్కు. మేజర్ అంటే ఏంటన్నదే కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది.

బాబీ జోన్స్ కాలంలో నాలుగు పెద్ద టోర్నమెంట్లు అంటే యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్, డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళకే పరిమితమైన యూఎస్ అమెచ్యూర్, బ్రిటిష్ అమెచ్యూర్. 1930లో ఆయన ఈ నాలుగూ గెలిచాడు. సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ అమెచ్యూర్, హాయ్‌లేక్‌లో ఓపెన్, ఇంటర్‌లాకెన్‌లో యూఎస్ ఓపెన్, మెరియన్‌లో యూఎస్ అమెచ్యూర్. మొత్తం 13. గోల్ఫ్ ఆడి ఒక్క డాలర్ బహుమతి తీసుకోలేదు, ఇంజనీరింగ్ చదివాడు, హార్వర్డ్‌లో ఇంగ్లీష్ సాహిత్యం చదివాడు, లా చదివి లాయర్ అయ్యాడు, వీటి మధ్యలో ఏడాదికి కొద్ది టోర్నమెంట్లే ఆడేవాడు. మాస్టర్స్ అప్పటికి పుట్టనే లేదు, ఆయనే ఆట మానేశాక క్లిఫర్డ్ రాబర్ట్స్‌తో కలిసి ఆగస్టా నేషనల్ కట్టాడు, 1934లో అక్కడ మొదటి టోర్నమెంట్ జరిగింది. ఇప్పుడు మనం వాడే లెక్క ప్రకారం ఆయన అమెచ్యూర్ టైటిల్స్ ఆరూ కొట్టేస్తే మిగిలేవి 7. నాకైతే అది అన్యాయం. ఆయన ఆడిన రోజుల్లో లోకమంతా పెద్దవి అనుకున్నవే ఆయన గెలిచాడు, వందేళ్ళ తర్వాత మనం రూలు మార్చి ఆయన ఖాతాలోంచి తీసేయడమేంటి?

ఇంకో సంగతి చూడండి, నిక్లాస్ 1973లో పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచినప్పుడు జోన్స్ 13 రికార్డు దాటాడు అని పేపర్లన్నీ రాశాయి. అప్పటికి నిక్లాస్ ప్రొఫెషనల్ మేజర్లు 12 మాత్రమే, 1959లో, 1961లో గెలిచిన యూఎస్ అమెచ్యూర్లు రెండూ కలిపితేనే 14. అంటే అప్పటిదాకా అమెచ్యూర్ టైటిల్స్ లెక్కలోనే ఉన్నాయి. ఆ పాత లెక్కే పట్టుకుంటే నిక్లాస్ 20, టైగర్ వరసగా మూడేళ్ళు 1994, 95, 96 యూఎస్ అమెచ్యూర్ గెలిచాడు కాబట్టి 18. తేడా మూడు నుంచి రెండుకి దిగింది, గెలిచేవాడు మారలేదనుకోండి, కానీ 18 అనేది బండరాయి మీద చెక్కిన నంబర్ కాదు అని బావగారికి చెప్పొచ్చు.

వాల్టర్ హేగన్‌వి 11. ఆయన మంచి ఊపులో ఉన్నంతకాలం మాస్టర్స్ లేదు, అంటే మూడిట్లోనే గెలిచి 11. బెన్ హోగన్ 1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్ మూడూ గెలిచాడు, నాలుగోది పీజీఏ ఆడలేదు, ఎందుకంటే దాని తేదీలు, బ్రిటిష్ ఓపెన్ తేదీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండూ ఆడటం ఏ మనిషికీ కుదరని ఏడాది అది. హోగన్ తన జీవితం మొత్తంలో బ్రిటిష్ ఓపెన్ ఆడింది ఆ ఒక్కసారే, ఆడిన ఆ ఒక్కసారీ గెలిచాడు! అప్పట్లో అమెరికా వాళ్ళు అట్లాంటిక్ దాటి వెళ్ళాలంటే వారాల పని, గెలిచినా ఖర్చులు వెనక్కి రావు. 1946లో స్నీడ్ సెయింట్ ఆండ్రూస్‌లో గెలిచాక కూడా అంతే, వచ్చిన డబ్బు ప్రయాణానికి సరిపోలేదు. 1960లో ఆర్నాల్డ్ పామర్ మాస్టర్స్, యూఎస్ ఓపెన్ గెలిచి సెయింట్ ఆండ్రూస్‌కి వెళ్ళి కెల్ నాగల్ చేతిలో ఒక్క షాట్ తేడాతో ఓడిపోయాడు చూడండి, ఇప్పుడు మనం చెప్పుకునే నాలుగు మేజర్ల గ్రాండ్ స్లామ్ అనే ఆలోచన గట్టిపడింది అక్కడినుంచే. ఏటా నాలుగూ ఆడటమే పని అని పెట్టుకున్న మొదటి తరం నిక్లాస్‌ది. ఆయనకంటే ముందువాళ్ళతో ఆయన్ని మేజర్ల సంఖ్య పెట్టి పోల్చడం అస్సలు కుదరదు.

స్నీడ్ 82 గురించి అడిగారు కదా, అందులో టీమ్ టోర్నమెంట్లూ ఉన్నాయి, 1937 క్రాస్బీ టోర్నమెంట్ లాంటివీ ఉన్నాయి, అది వానల వల్ల 18 హోల్స్‌కే ముగిసింది. అలాగని ఆయన్ని తక్కువ చేయకండి, 1965లో గ్రీన్స్‌బరోలో 52 ఏళ్ళ వయసులో గెలిచాడు, మేజర్లు 7. పాపం యూఎస్ ఓపెన్ మాత్రం దక్కలేదు, నాలుగుసార్లు రెండో స్థానం.

గోల్డెన్_బేర్_అభిమాని:

పైన పాత_స్కోర్‌కార్డ్ గారు బాగా రాశారు కానీ చివరికి ఎవరు అన్నది చెప్పకుండా వదిలేశారు. నేను చెప్తా, నిక్లాస్.

అందరూ 18 దగ్గరే ఆగిపోతారు. ఆయన మేజర్లలో రెండో స్థానంలో నిలిచింది 19 సార్లు. మొదటి అయిదుగురిలో 56 సార్లు. మొదటి మేజర్ 1962లో, చివరిది 1986లో, మధ్యలో 24 ఏళ్ళు. ఎవరి మీద గెలిచాడో చూడండి, గ్యారీ ప్లేయర్ 9 మేజర్లు, టామ్ వాట్సన్ 8, పామర్ 7, లీ ట్రెవినో 6. వీళ్ళెవరూ నిక్లాస్‌ని చూసి వణికే రకం కాదు. ట్రెవినో 1971 యూఎస్ ఓపెన్‌లో టై అయ్యాక ఆడిన ప్లేఆఫ్‌లో ఆయన్ని ఓడించాడు, 1972లో నిక్లాస్ మాస్టర్స్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచి బ్రిటిష్ ఓపెన్‌కి మ్యూర్‌ఫీల్డ్ వస్తే 17వ హోల్లో ట్రెవినో గ్రీన్ బయటనుంచి చిప్ చేసి పార్ (ఆ హోల్‌కి పెట్టిన షాట్ల లెక్క) కాపాడుకుని ఒక్క షాట్‌తో ఎగరేసుకుపోయాడు. 1977లో టర్న్‌బెరీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్ చూశావా తమ్ముడూ? చూడకపోతే ఈ రాత్రే చూడు. చివరి రెండు రోజులు వాట్సన్ 65, 65, నిక్లాస్ 65, 66. ఒక్క షాట్ తేడా. మూడో స్థానంలో ఉన్న హ్యూబర్ట్ గ్రీన్ నిక్లాస్‌కి పది షాట్లు వెనక! అంటే మిగతా ప్రపంచం మొత్తాన్ని పది షాట్లతో ఓడించి కూడా ఆయన ఆ వారం ఓడిపోయినట్టే రాసుకోవాల్సొచ్చింది.

1986 ఆగస్టా గురించి మాత్రం కొంచెం రాయనివ్వండి. వయసు 46. నీ పని అయిపోయింది రిటైర్ అవ్వు అన్నట్టు పేపర్లో రాశారు, ఆ వారం వాళ్ళు దిగిన ఇంట్లో ఫ్రిజ్‌కి ఆ పేపర్ ముక్క అంటించి పెట్టారు. ఆదివారం నాలుగు షాట్లు వెనకనుంచి మొదలుపెట్టాడు, పైన గ్రెగ్ నార్మన్, సెవె బాలెస్టెరోస్, టామ్ కైట్ అందరూ ఉన్నారు. 15లో ఈగిల్ (పార్‌కి రెండు షాట్లు తక్కువ) కొట్టాడు. 16 పార్ త్రీ, క్లబ్బుల సంచి మోసే క్యాడీ కొడుకే, బాల్ గాల్లో ఉండగా కొడుకు సరిగ్గా పడాలి అంటున్నాడు, ఈయన అటు చూడకుండానే వంగి బాల్ కింద పెట్టే టీ పుల్ల తీసుకుంటూ పడుతుంది అన్నాడు. హోల్‌ని రాసుకుంటూ పోయి మూడడుగుల్లో ఆగింది. 17లో బర్డీ (పార్‌కి ఒకటి తక్కువ) కోసం పట్, అంటే గ్రీన్ మీద దొర్లించే షాట్, బాల్ ఇంకా హోల్లో పడకముందే పటర్ క్లబ్బుని ఎడమచేత్తో పైకి లేపాడు. చివరి తొమ్మిది హోల్స్ 30 షాట్లలో ముగించాడు, మొత్తం 65. ఈలోపు 15లో సెవె బాల్ నీళ్ళలో పడింది, 18లో నార్మన్ బోగీ (పార్‌కి ఒకటి ఎక్కువ) చేశాడు. ఆరో మాస్టర్స్.

ఆటలో ఆయన పెద్దమనిషి తరహా కూడా చూడాలి. అమెరికా, బ్రిటన్ జట్లు తలపడ్డ 1969 రైడర్ కప్‌లో ప్రత్యర్థి టోనీ జాక్లిన్‌కి చివరి హోల్లో ఆ చిన్న పట్ కొట్టనవసరం లేదని బాల్ చోటు గుర్తుకి పెట్టిన మార్కర్ తీసి చేతిలో పెట్టాడు, దానితో రైడర్ కప్ టై అయింది. గొప్పతనం అంటే నా లెక్కలో ఇది కూడా కలుస్తుంది.

సండే_రెడ్:

అన్నా, నిక్లాస్ గొప్పోడు కాదని ఎవరంటారు. కానీ ట్రోఫీల సంఖ్యలో ఒక లోపం ఉంది, ఒక్క షాట్‌తో గెలిచినా ఒకటే, 15 షాట్లతో గెలిచినా ఒకటే.

2000 యూఎస్ ఓపెన్, పెబుల్ బీచ్. టైగర్ 12 అండర్ పార్. రెండో స్థానంలో ఎర్నీ ఎల్స్, మిగెల్ ఏంజెల్ హిమెనెజ్, ఇద్దరూ 3 ఓవర్ పార్. 156 మంది మొదలుపెడితే పార్ కంటే కింద ముగించినవాడు ఇతనొక్కడే. పైగా శనివారం మూడో హోల్లో ట్రిపుల్ బోగీ చేసి మరీ! అంతకుముందు మేజర్లలో అతిపెద్ద తేడా 13, అది 1862లో ఓల్డ్ టామ్ మోరిస్‌ది, అప్పుడు పోటీలో ఉన్నది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేంతమంది. నెల తిరిగేసరికి సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ 8 షాట్లతో గెలిచాడు, ఆ కోర్సులో వందకి పైగా బంకర్లు (ఇసుక గుంతలు) ఉన్నాయి, నాలుగు రోజుల్లో ఒక్కదాంట్లో కూడా బాల్ పడలేదు. తర్వాత పీజీఏ, మరుసటి ఏప్రిల్‌లో మాస్టర్స్, నాలుగు కప్పులూ ఒకేసారి ఇంట్లో. ఒకే క్యాలెండర్ ఏడాదిలో కాదు కాబట్టి గ్రాండ్ స్లామ్ అనరు, పోనీ, ఏ పేరైనా పెట్టుకోండి, ప్రొఫెషనల్ మేజర్లు నాలుగూ ఒకేసారి చేతిలో పెట్టుకున్న మగాడు ఇతనొక్కడే.

రెండో మాట, ఎవరెవరు ఆడనిచ్చారు అన్నది. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం పీజీఏ రూల్‌బుక్‌లో తెల్లవాళ్ళు మాత్రమే సభ్యులు అన్న నిబంధన 1961 దాకా ఉంది. చార్లీ సిఫర్డ్ లాంటివాళ్ళ మంచి వయసంతా ఆ గేటు బయటే గడిచిపోయింది. మాస్టర్స్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్ ఆడింది 1975లో. ఆగస్టా క్లబ్బులో నల్లజాతి సభ్యుణ్ణి తీసుకున్నది 1990లో. ఏడేళ్ళకి 21 ఏళ్ళ టైగర్ అదే ఆగస్టాలో 12 షాట్లతో గెలిచాడు, లీ ఎల్డర్ ఆ రోజు అక్కడే ఉన్నాడు. గెలిచాక టైగర్ ఎల్డర్ పేరు, సిఫర్డ్ పేరు ఎత్తి కృతజ్ఞత చెప్పాడు. నేను అడిగేదేంటంటే, స్నీడ్, హోగన్, వాళ్ళ కాలంవాడే బైరన్ నెల్సన్ గెలిచిన టోర్నమెంట్లలో ఎంతమందికి అసలు టీ దగ్గర నిలబడే హక్కే లేదు? అది వాళ్ళ తప్పు కాదు, ఒప్పుకుంటా, కానీ ఎంత పెద్ద పోటీ మీద గెలిచారు అని లెక్కేసేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయలేం కదా. టైగర్ కాలానికి ఫిజీ నుంచి విజయ్ సింగ్, దక్షిణాఫ్రికా నుంచి ఎల్స్, స్పెయిన్, స్వీడన్, కొరియా, అందరూ వచ్చి ఒకే టూర్‌లో ఆడుతున్నారు. టైగర్ పోటీదారులకి మేజర్లు తక్కువ కాబట్టి వాళ్ళు బలహీనులు అంటారు కొందరు, ఫిల్ మికెల్సన్ 6, ఎల్స్ 4, సింగ్ 3. పోటీ వెడల్పయ్యేకొద్దీ ఎవరికి వారికి దక్కేది తగ్గుతుంది, పైగా మధ్యలో ఒక్కడే 14 ఎత్తుకుపోతే మిగతావాళ్ళకి ఏం మిగులుతాయి?

ప్రపంచ ర్యాంకింగ్ 1986లో మొదలైంది. నంబర్ వన్‌గా టైగర్ 683 వారాలు. రెండో స్థానంలో ఉన్న గ్రెగ్ నార్మన్ 331. సగం కూడా లేదు. వరసగా 142 టోర్నమెంట్లలో కట్ (రెండు రోజులయ్యాక స్కోరు సరిపోనివాళ్ళని ఇంటికి పంపడం) తప్పలేదు, అంటే దాదాపు ఏడేళ్ళపాటు చెడ్డ వారం అనేదే రాలేదు. జలుబు చేసిన రోజు, నిద్రపట్టని రాత్రి, పటర్ మాట వినని శుక్రవారం, ఇవన్నీ ఆ ఏడేళ్ళలో ఉండే ఉంటాయి, అయినా శనివారం మైదానంలోనే ఉన్నాడు.

2008లో టోరీ పైన్స్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో ఎడమ మోకాలి లిగమెంట్ తెగి ఉంది, కాలి ఎముకలో పగుళ్ళున్నాయి. స్వింగ్ అయ్యాక బరువంతా ఎడమ కాలి మీదకే వస్తుంది, ప్రతి డ్రైవ్‌కీ మొహం చిట్లించి వంగిపోతున్నాడు. ఆదివారం 18వ హోల్లో ఎగుడుదిగుడు గ్రీన్ మీద బర్డీ పట్ పడితేనే టై, పడింది. సోమవారం రాకో మీడియేట్‌తో మళ్ళీ 18 హోల్స్, అక్కడా టై, ఇంకో హోల్. మొత్తం 91 హోల్స్ ఆ కాలితో. తర్వాత నడుముకి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, 2017లో వెన్నుపూసలు కలిపి బిగించారు, 2019లో 43 ఏళ్ళ వయసులో మళ్ళీ మాస్టర్స్. ఆదివారం ఉదయానికి వెనకబడి ఉండి గెలిచిన ఒకే ఒక్క మేజర్ అదే.

గోల్కొండ_హ్యాండిక్యాప్:

క్లబ్బుల గురించి ఎవ్వరు చెప్పలే, నేను చెప్త. నేను హైదరాబాద్‌ల గోల్కొండ కోట పక్కన నయాఖిలా కోర్సుల ఆడ్త. మా దగ్గర ఒక పెద్దాయన పాత సెట్టు ఇంకా దాచుకున్నడు, పర్సిమన్ కట్టె డ్రైవర్, పలకల్లెక్క సన్నగుండే బ్లేడ్ ఐరన్లు, అంటె ఇనుప తల క్లబ్బులు. ఒకసారి కొట్టి చూడమని ఇచ్చిండు. డ్రైవర్ తల నా పిడికిలి కంటె కొంచెం పెద్దగ ఉంటదంతే, ఇప్పటి 460 సీసీ డ్రైవర్ పక్కన పెడితె పిల్లలు ఆడుకునేటిదిలెక్క కనిపిస్తది. నడిమిట్ల తగిల్తె ఆ చప్పుడే వేరు, మెత్తగ టక్కుమంటది, చేతికేం తెల్వది. అర ఇంచు పక్కకు తగిలిందనుకో, మోచేతుల దాక జిల్లుమంటది, బాల్ ఎటు పోయిందో దేవునికెర్క. ఐరన్ అయితె ఇంక ఘోరం. పాతకాలం మెత్తటి తోలుండే బలాటా బాల్‌కు ఐరన్ అంచు తగిల్తె తోలు నవ్వినట్టు కోసుకపోయేదంట, మంచి ఆటగాళ్ళు రౌండ్‌ల రెండు మూడు బాల్స్ మార్చెటోళ్ళంట.

అందుకే ఎవడెంత దూరం కొట్టిండు, స్కోరెంత అని పోల్చొద్దు. జోన్స్ హికరీ కట్టె షాఫ్టులతోని ఆడిండు, ఆ షాఫ్ట్ స్వింగ్‌ల మెలి తిరుగుతది, అమెరికల స్టీల్ షాఫ్టులు ఒప్పుకున్నదే 1924ల, బ్రిటన్‌ల 1929ల. మ్యాచ్ ప్లేల, అంటె ఇద్దరు హోల్ హోల్‌కు పోటీపడే ఆటల, ఎదుటోని బాల్ నీ బాల్‌కు హోల్‌కు నడుమ అడ్డమున్నా తియ్యనిచ్చెటోళ్ళు కాదు, దాని మీదికెల్లి ఎగిరేసుడో పక్కకెల్లి తిప్పుడో చెయ్యాలె, ఆ రూలు 1950ల మొదట్ల తీసేసిన్రు. గడ్డి కోసే మిషిన్లు, గ్రీన్ల మీద నీళ్ళ ఏర్పాటు, అన్నీ మారినయి.

అయితె ఇంకోటి కూడ చెప్పాలె. సామాను మంచిగైతె అందరికీ మంచిగైతది. ఇప్పటి డ్రైవర్ తప్పుడు షాట్‌ను కాపాడ్తది, అంటె మామూలోనికీ గొప్పోనికీ ఉన్న దూరం తగ్గుతది. పాత కట్టెతోని ఆడితె మంచోడు ఊకెనె పైకి తేల్తడు. దూరం తగ్గినంక కూడ టైగర్ అంత ముంగట ఉన్నడంటె, నేనైతె అదే పెద్ద సాక్ష్యం అంట. 2000ల నుంచి గట్టి లోపలి బాల్స్ వచ్చినయి, కొన్నేండ్లల్ల అందరి చేతులకు అవే వచ్చినయి, అయినా టైగర్ ముంగటనే ఉన్నడు.

ఫెయిర్‌వే_తెలుగు:

అబ్బ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. గోల్కొండ అన్న చెప్పిన పాయింట్ నాకు బాగా ఎక్కింది, అంటే ఒక్కొక్కణ్ణి వాడి కాలంలో వాడితో ఆడినవాళ్ళతోనే పోల్చి, ఎంత ముందున్నాడో చూసి, ఆ దూరాన్ని పక్కపక్కన పెట్టాలన్నమాట. అలా అయితే 1945లో బైరన్ నెల్సన్ ఒకే ఏడాది 18 టోర్నమెంట్లు, అందులో వరసగా 11 గెలిచాడని చదివా, మరి ఆయనే అందరికంటే పైన ఉండాలి కదా? యుద్ధం వల్ల మంచి ఆటగాళ్ళు లేరు అంటారు, నిజమేనా? ఇప్పటివాళ్ళలో రోరీ మెకిల్‌రాయ్ 2025 మాస్టర్స్‌తో నాలుగు రకాల మేజర్లూ ఒక్కసారైనా గెలవడం పూర్తి చేశాడు, స్కాటీ షెఫ్లర్‌కి 2025కి మొత్తం నాలుగు మేజర్లు వచ్చాయి, వాళ్ళని ఇందులో కలపొచ్చా?

పాత_స్కోర్‌కార్డ్:

నెల్సన్‌ది కొంతవరకే నిజం. చాలామంది సైన్యంలో ఉన్న మాట వాస్తవమే, హోగన్ కూడా ఆ ఏడాది కొంతకాలం లేడు. కానీ స్నీడ్ ఉన్నాడు, ఆడాడు, గెలిచాడు కూడా. నెల్సన్ ఆ ఏడాది సగటు స్కోరు 68.33, ఎదురుగా ఎవరున్నా లేకపోయినా బాల్‌ని అన్ని షాట్లలో హోల్లో వేసింది ఆయనే కదా. కాకపోతే ఆ మరుసటి ఏడాది చివర్లో పశువుల ఫారం కొనుక్కుని ఆట దాదాపు మానేశాడు, అందుకే ఈ చర్చలో వెనకబడతాడు. మెకిల్‌రాయ్, షెఫ్లర్ ఇంకా ఆడుతున్నారు, వాళ్ళ సంగతి తర్వాత.

ముందున్న దూరం చూడాలి అంటే నాకు హోగన్ గుర్తొస్తాడు. 1949 ఫిబ్రవరిలో పొగమంచులో బస్సు ఎదురొచ్చి కారుని గుద్దింది, పక్కనున్న భార్యని కాపాడటానికి ఆమె మీదకి వాలాడు, స్టీరింగ్ రాడ్ డ్రైవర్ సీట్‌లోకి దూసుకొచ్చింది, అక్కడే కూర్చుని ఉంటే పోయేవాడే. కటి ఎముక విరిగింది, రక్తం గడ్డలు కట్టి పెద్ద ఆపరేషన్ చేశారు, మళ్ళీ నడుస్తాడో లేదో అన్నారు. పదహారు నెలలకి మెరియన్‌లో యూఎస్ ఓపెన్. అప్పట్లో చివరి రోజు 36 హోల్స్ నడవాలి. కాళ్ళకి పట్టీలు చుట్టుకుని నడిచాడు, ఆఖరి హోల్లో లాంగ్ ఐరన్‌తో గ్రీన్ మీదకి కొట్టాడు, ఆ ఫోటో మీరు చూసే ఉంటారు, వెనకనుంచి తీసింది, అటూ ఇటూ జనం, మధ్యలో షాట్ కొట్టేసి స్వింగ్ ముగించిన భంగిమలో నిలబడిన మనిషి. టై అయింది, మరుసటి రోజు ఇంకో 18 ఆడి ప్లేఆఫ్ గెలిచాడు. ఆయన 9 మేజర్లలో ఆరు ఆ యాక్సిడెంట్ తర్వాతవే. ఏడాదికి కొన్ని టోర్నమెంట్లకి మించి ఒళ్ళు సహకరించని రోజుల్లో!

అనిక_59:

ఇంతసేపు గ్రేటెస్ట్ అని మాట్లాడుతూ ఒక్కరు కూడా ఆడవాళ్ళ పేరు ఎత్తలేదు, చాలా బాధగా ఉంది. ఎవరి కాలంలో వాళ్ళు ఎంత ముందున్నారు అన్నదే కొలత అయితే మిక్కీ రైట్ పేరు మొదటి వరసలో ఉండాలి. 1961లో 10, 62లో 10, 63లో 13, 64లో 11 టోర్నమెంట్లు గెలిచింది. నాలుగేళ్ళలో 44. కెరీర్ మొత్తం 82, మేజర్లు 13. పైన సండే_రెడ్ గారు నాలుగు మేజర్లూ ఒకేసారి చేతిలో పెట్టుకున్న మగాడు అన్నారు, జాగ్రత్తగా రాశారు సంతోషం, ఎందుకంటే 1961, 62 మధ్య అది చేసిన ఆడమనిషి మిక్కీ రైట్. టైగర్ కంటే నలభై ఏళ్ళ ముందు. ఆమె స్వింగ్ చూసి హోగన్ అంతటివాడే మెచ్చుకున్నాడు. యూట్యూబ్‌లో బ్లాక్ అండ్ వైట్ క్లిప్స్ ఉన్నాయి, బ్యాక్ స్వింగ్ పైన ఏ తొందరా లేదు, కిందకి వచ్చేటప్పుడు నడుము ముందు, చేతులు వెనక, ఇప్పటి కోచ్‌లు స్లో మోషన్‌లో చూపించి నేర్పేది అదే.

కాథీ విట్‌వర్త్ 88 గెలిచింది, అమెరికా టూర్లలో మగవాళ్ళైనా ఆడవాళ్ళైనా అంతమించి గెలిచినవాళ్ళు లేరు. స్నీడ్, టైగర్ 82 అని మనం కొట్టుకుంటున్నాం. అనికా సోరెన్‌స్టామ్ 72 టైటిల్స్, 10 మేజర్లు, 2001లో ఫీనిక్స్‌లో ఒక రౌండ్ 18 హోల్స్ 59 షాట్లలో ముగించింది, ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టూర్ ఎల్‌పీజీఏలో 59 కొట్టింది ఇప్పటికీ ఆమె ఒక్కతే. 2003లో కొలోనియల్ టోర్నమెంట్‌లో మగవాళ్ళతో ఆడింది, కట్ తప్పింది, కానీ మొదటి రోజు 71 కొట్టింది, అన్ని కెమెరాలూ, అంత జనమూ మీద పడుతుంటే ఆ మొదటి టీ షాట్ ఫెయిర్‌వేలో (గడ్డి పొట్టిగా కోసిన దారిలో) పెట్టింది. సండే_రెడ్ గారి రెండో పాయింట్ ఇక్కడ కూడా వేసి చూడండి, ఎవరెవరిని ఆడనిచ్చారు అన్నది. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ ఆడవాళ్ళని సభ్యులుగా తీసుకోవడానికి ఒప్పుకున్నది 2014లో. ఆగస్టాలో ఆడవాళ్ళకి సభ్యత్వం 2012లో. మిక్కీ రైట్ ఆడిన రోజుల్లో ఈ సభ్యత్వాల గేట్లన్నీ ఆడవాళ్ళకి మూసే ఉన్నాయి.

గోల్డెన్_బేర్_అభిమాని:

అనిక గారు, మిక్కీ రైట్ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. నేను కూడా ఆ క్లిప్స్ మళ్ళీ చూస్తా.

కానీ సండే_రెడ్ తమ్ముడూ, నీ కొలత నీకే అడ్డం తిరుగుతుంది. గెలిచినప్పుడు ఎంత తేడాతో గెలిచాడో లెక్కపెడతానంటున్నావు, మంచిది, అలాంటప్పుడు ఓడినప్పుడు ఎంత దగ్గరగా ఓడాడో కూడా లెక్కపెట్టాలి. టైగర్‌కి రెండో స్థానాలు 7, నిక్లాస్‌కి 19. మేజర్ వచ్చిందంటే నిక్లాస్ పేరు లీడర్‌బోర్డ్ మీద ఉండి తీరేది, పాతికేళ్ళ పాటు.

సండే_రెడ్:

అన్నా, ఆ మాట న్యాయమే, కాదనను. మేజర్లలో ఆదివారాల లెక్క తీస్తే నిక్లాస్‌ని మించినవాడు లేడు, రాబోడు కూడా. కానీ టైగర్ శనివారం రాత్రికి మేజర్‌లో ముందున్నాడంటే 2009లో వై.ఇ. యాంగ్ చేతిలో ఓడేదాకా, వరసగా 14 సార్లు ఒక్కటీ జారనివ్వలేదు. రెండో స్థానాలు తక్కువ ఉండటానికి సగం కారణం అదే, ముందున్నవి వదల్లేదు. మిగతా సగం కారణం మీరు చెప్పినట్టు నిక్లాస్ ఎక్కువసార్లు పైన ఉండటమే. నేను ఇప్పటికీ టైగర్ అంటా, ఎందుకంటే 2000లో ఆ పన్నెండు నెలలు ఆడిన ఆట ఏ కాలంలో ఏ క్లబ్బులతో ఎవరి మీద పెట్టినా గెలిచేదే అని నా నమ్మకం.

ఫెయిర్‌వే_తెలుగు, బావతో కూర్చున్నప్పుడు 1977 టర్న్‌బెరీ ఆదివారం, 2000 పెబుల్ బీచ్ ఆదివారం రెండూ కలిసి చూడండి. వీలైతే ముందు టర్న్‌బెరీ పెట్టండి, బావగారికి కోపం రాదు.